వైద్య విద్యార్థికి మన ఊరు నేర్పు పాఠము

వ్యవసాయ కళాశాల విద్యార్థులు చదువు చివరి సంవత్సరమున మన గ్రామములకు వచ్చి, ఒక్కొక్కరు ఒక్కొక్క రైతును ఆశ్రయించి, చేలో జరుగు పనులను చూచి నేర్చుకొని పోవుట మన సంఘ సభ్యులకు అలవాటైన సంగతియే. కొన్ని యేండ్లుగా మఱియొక తెగ విద్యార్థులు కూడ వచ్చుచున్నారు. వీరు తెల్లకోటు తొడిగికొని, చేత కాగితముల కట్ట పట్టుకొని, ఇంటింటికి పోయి, జబ్బుపడినవారినే గాక నిక్షేపముగా నున్నవారిని సైతము కూర్చుండబెట్టి ప్రశ్నలు వేయుదురు. ఇంట నెందఱు, త్రాగు నీరెక్కడిది, మరుగుదొడ్డి యున్నదా, పొయ్యి కట్టెలదా గ్యాసుదా, చదువుకొన్నవారెవరు, రాబడి యెంత, అప్పెంత, ఇట్లు సాగును వారి ప్రశ్నావళి. "సూది వెయ్యరు, మందియ్యరు, మా అప్పు సంగతి ఈ పిల్ల డాక్టర్లకెందుకు?" అని మనవారు విసుగుకొనుట మేము పలు గ్రామములలో చెవులార వింటిమి.

విసుగు సహజమే. కాని ఆ ప్రశ్నకు సరియైన సమాధానమొకటి కలదు. దానిని చెప్పుటకై మిమ్ము ఒకమాఱు ఆఫ్రికాకును, అటనుండి అమెరికాకును తీసికొనిపోవలసి యున్నది. అచ్చటి కథయు పత్తి చేలదియు సహకార సంఘముదియు నగుటచే మన సభ్యులకు పరాయిగా తోచదు.

మొదట ఈ విద్యార్థులెవరో చెప్పెదము. జాతీయ వైద్య కమిషనువారు 2021-22 సంవత్సరపు ఎం.బి.బి.ఎస్. తరగతి మొదలుకొని కుటుంబ దత్తత కార్యక్రమమును పాఠ్యక్రమములో చేర్చిరి. దాని ప్రకారము ప్రతి విద్యార్థియు మొదటి సంవత్సరముననే పల్లెలో కనీసము మూడు కుటుంబములను తనవిగా నెంచుకొని, చదువు సాగినంత కాలము ఆ యిండ్లకు వచ్చుచు పోవుచు వారి ఆరోగ్యమును కనిపెట్టి యుండవలెను. దత్తత యను మాట విని యొక ముసలమ్మ, "అయితే మా పొలం రాసియ్యాలా, వాళ్ళది మాకు రాసిస్తారా?" అని మమ్మడిగినది. ఆస్తిపాస్తుల ప్రసక్తి యిందులో లేదు. కళాశాల చదువు ముగిసిన పిదప ఒక సంవత్సరము ఇంటర్నుషిప్పు అను అభ్యాసకాలము కలదు. అందు పన్నెండు వారములు సామాజిక వైద్య విభాగమున గడపవలెను. ఈ యాలోచన నేటిది కాదు. 1943లో సర్ జోసెఫ్ భోర్ గారి అధ్యక్షతను నియమింపబడి 1946లో నివేదిక సమర్పించిన కమిటీవారే, వైద్య విద్యార్థికి రోగనివారణ సాంఘిక వైద్యములందు మూడు మాసముల శిక్షణ యుండవలెననియు, వైద్యుడు సంఘమును ఎఱిగిన వైద్యుడు కావలెననియు చెప్పి యుండిరి. ఆ మాట మన వీథి చివరకు నడచి వచ్చుటకు ఎన్ని యేండ్లు పట్టెనో పాఠకులే లెక్కవేసికొందురు గాక.

ఇక కథ. దక్షిణాఫ్రికాలో నాటి నేటాలు రాష్ట్రమున ఫోలేలా యను కొండప్రాంతము కలదు. అది జూలూ జాతివారికి ప్రభుత్వము విడిచిన భూమి. మేము భూమి పని చేయువారము గనుక ఆ నేల సంగతి ముందుగా చెప్పెదము. పశువులు మిక్కుటము, మేత తక్కువ, వాలు నేల. వానలకు పైమట్టి కొట్టుకొనిపోయి గండ్లు పడినది. మగవారు గనులకును పట్టణములకును కూలికి పోయి నెలల తరబడి రారు. ఇంటనున్న ఆడువారు మొక్కజొన్న వేసి దానినే మూడు పూటల తిందురు. పిల్లల పొట్టలుబ్బి, కాళ్ళు వాచి, జుట్టు రంగు మారి చనిపోవుచుండిరి. 1940లో సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అను, ముప్పది యేండ్లైనను నిండని వైద్య దంపతులు అచ్చట నొక ఆరోగ్య కేంద్రము పెట్టిరి.

వారు రోగి వచ్చుదాక కూర్చుండలేదు. కొద్ది యిండ్లతో మొదలుపెట్టి, ప్రతి యిల్లును పటము మీద గుర్తించి, ప్రతి మనిషిని లెక్కలోనికి తీసికొని, ఏమి తిందురు, ఏమి పండింతురు, ఎవరు వలసపోయిరి అని అడిగి వ్రాసిరి. ఆ యూరివారినే కొందఱిని ఆరోగ్య బోధకులుగా తర్ఫీదు చేసిరి. పెరటిలో కూరగాయలు వేయుట, చిక్కుడు జాతి గింజలు తినుట, మరుగుదొడ్డి త్రవ్వుట, ఊటనీటిని కాపాడుట ఇట్టివి మందులతో సమానముగా నడచినవి. విత్తనములు విడివిడిగా కొన్న ధర హెచ్చగుచున్నదని విత్తనముల కొనుగోలుకొక సహకార సంఘమును కూడ ఏర్పఱచుకొనిరి. కొన్ని యేండ్లలో శిశుమరణములు సగమునకు పైగా తగ్గినవి.

1957లో ఆ ఫోలేలాకు అమెరికా నుండి యొక వైద్య విద్యార్థి వచ్చెను. అతని పేరు జాక్ గైగర్. మునుపు పత్రికా విలేఖరిగా పనిచేసి, పిదప క్లీవులాండు పట్టణమునందలి వెస్టర్న్ రిజర్వు విశ్వవిద్యాలయమున వైద్యము చదువుచుండెను. చదువు ముగియవచ్చిన సమయమున ఒక విద్యార్థి వేతనము సంపాదించి దక్షిణాఫ్రికా పోయి, కార్క్ దంపతుల కేంద్రములలో ఐదు మాసములు పని నేర్చుకొనెను. నేడు మన వీథులలో తిరుగు పిల్లలవలెనే ఇంటింటికి పోవుట, వ్రాసికొనుట, మఱల పోవుట అతని పని. ఒక బిడ్డకు విరేచనములు మాన్పి యింటికి పంపిన, అదే నీరు త్రాగి, అదే గంజి తిని, పదునైదు దినములలో మరల వచ్చును. ఆ నీటిని ఆ గంజిని మార్చుట కూడ వైద్యుని పనియేనని ఫోలేలాలో అతనికి తెలిసివచ్చినది. ఏ వైద్యశాలయందును అంతకు మునుపు అతడా పాఠము వినలేదు.

తరువాత ఫోలేలాకు మంచి దినములు రాలేదు. జాతివివక్ష ప్రభుత్వమువారికి ఈ పని రుచింపలేదు. 1958లో కార్క్ దంపతులు దేశము విడిచిపోయిరి. కాని నేర్చుకొన్న విద్యార్థి నేర్చుకొన్నదానిని తనతో తీసికొనిపోయి యుండెను.

1964లో గైగర్ మిసిసిపీ రాష్ట్రమునకు పోయెను. అది నల్లజాతివారికి ఓటు హక్కు కొఱకు పోరాటము జరిగిన వేసవి. పోరాటమున దెబ్బలు తిన్నవారికి చికిత్స చేయుటకై పోయిన వైద్యులలో అతడొకడు. అచ్చటి పల్లెలను చూచి, ఇది తన దేశముననే యున్న ఫోలేలా యని అతనికి తోచినది. మిసిసిపీ డెల్టా నేల ఎట్టిదో మన కృష్ణా డెల్టా రైతునకు చెప్పనక్కఱలేదు. నది తెచ్చిపోసిన లోతైన నల్లని ఒండ్రు. అట్టి నేల మీద మనుష్యులు ఆకలితో నుండిరి. ఏలయన, భూమి అంతయు పెద్ద కామందులది. పంట అంతయు పత్తి. చాలచోట్ల గుమ్మము వరకు పత్తియే. తరతరములుగా పాలికి సేద్యము చేసి, పత్తి ఏరి బ్రదికిన నల్లజాతి కుటుంబములకు, పత్తి ఏరు యంత్రము వచ్చి ఏరుడు కూలి పోయినది. కలుపు మందు వచ్చి కలుపు కూలి పోయినది. ఇచ్చట మేమొక సంగతి ఒప్పుకొనవలసి యున్నది. కలుపు మందును గూర్చి మన గ్రామములలో ఎన్నో ప్రదర్శనలు మేమే చేసితిమి. ఎకరమునకు రైతునకు మిగులు కూలి యెంతయో పలక మీద లెక్క వ్రాసి చూపితిమి. ఆ మిగిలిన కూలి ఎవరి యింట తరిగినదో ఆ పలక మీద మేమెన్నడును వ్రాయలేదు.

1965లో గైగర్‌కును, టఫ్ట్స్ వైద్య కళాశాలలో అతని సహాధ్యాపకుడగు కౌంట్ గిబ్సన్‌కును అమెరికా ప్రభుత్వపు పేదరిక నిర్మూలన శాఖవారు ధనమిచ్చిరి. దానితో బోస్టను పట్టణమున నొకటి, మిసిసిపీలోని బాలివర్ జిల్లాలో మౌండ్ బయూ అను ఊర నొకటి, రెండు ఆరోగ్య కేంద్రములు వెలసినవి. మౌండ్ బయూ 1887లో, బానిసత్వము నుండి విడుదలైనవారు తమకు తామే కట్టుకొన్న ఊరు. అచ్చట వైద్యశాల తలుపు 1967లో తెఱచిరి. కాని అంతకు ముందే జాన్ హ్యాచ్ అను నల్లజాతి సంఘసేవకుడు ఆ జిల్లా అంతయు తిరిగి, చర్చీలలోను ఇండ్లలోను సభలు చేసి, "మీకేమి కావలెను?" అని అడిగెను. జనులు వైద్యుని మొదట అడుగలేదు. తిండి, పని, నీరు, వాన కురియని యిల్లు అడిగిరి. కావున ఆ కేంద్రమువారు సూదిమందులతోపాటు బావులు త్రవ్వించిరి, మరుగుదొడ్లు కట్టించిరి, కప్పులు బాగుచేయించిరి.

తిండి సంగతి యెట్లు? ఇదియే ఈ కథలో మాకు మిక్కిలి నచ్చిన భాగము. చిక్కి శల్యమైన పిల్లలు వచ్చిన, వైద్యులు మందుచీటి మీద ఇన్ని పాలు, ఇంత మాంసము, ఇన్ని కూరలు అని వ్రాసి యిచ్చుచుండిరి. ఆ చీటీని ఊరి కిరాణా కొట్టువారు తీసికొని సరకులిచ్చి, పద్దును వైద్యశాల మందుల ఖాతాకు పంపుచుండిరి. పై అధికారులకు ఈ సంగతి తెలిసి ఆగ్రహము వచ్చినది. మందుల సొమ్ము మందులకే గాని తిండికి కాదని వారి వాదము. దానికి గైగర్, తాము చదివిన గ్రంథములలో ఆకలి జబ్బుకు మందు అన్నమనియే వ్రాసియున్నదని బదులు చెప్పెను. అధికారి మఱి మాటాడక వెళ్ళిపోయెనని చెప్పుదురు.

చీటీ వ్రాయుట సులభము. కాని చీటీ మీద ఎన్ని యేండ్లు బ్రదుకగలరు? ఆ కుటుంబములవారు తరతరములుగా సేద్యము చేసినవారు. వారికి సేద్యము నేర్పనక్కఱలేదు. లేనిది భూమి. కావున జాన్ హ్యాచ్ ప్రోత్సాహముతో వారు నార్త్ బాలివర్ కౌంటీ ఫార్మ్ కోఆపరేటివ్ అను సహకార వ్యవసాయ సంఘముగా ఏర్పడిరి. భూమి సంపాదించి 1968లో పత్తికి మారుగా చిక్కుళ్ళు, బఠాణీలు, ఆకుకూరలు, చిలగడదుంపలు వేసిరి. సుమారు వెయ్యి కుటుంబములు అందులో చేరినవి. పని చేసినవారికి కూలి కొంత రొక్కముగాను, కొంత పండిన కూరలుగాను ముట్టుచుండెను. సభ్యులలో ఎల్.సి. డోర్సీ యను నామె పాలికాపు బిడ్డ. ఆమె ఆ సంఘమునకు నిర్వాహకురాలై, పిమ్మట పై చదువులు చదివి డాక్టరు పట్టము పొంది, 1988 మొదలు కొన్నియేండ్లు ఆ ఆరోగ్య కేంద్రమునకే అధిపతియయ్యెను.

సహకారోద్యమమున నున్నవారము గనుక చేదు భాగమును దాచరాదు. ఆ వ్యవసాయ సంఘము కలకాలము నిలువలేదు. దానికి సభ్యుల వాటాధనము తక్కువ, పైనుండి వచ్చిన గ్రాంటులు ఎక్కువ. పట్నపు బేరగాండ్రతో పోటీపడి కూరలు అమ్ముటయు కష్టమయ్యెను. గ్రాంటులు తగ్గినకొలది సంఘమును తగ్గినది. ఆరోగ్య కేంద్రము మాత్రము నేటికిని నడచుచున్నది. దాని మాదిరిగా అమెరికాలో ఈనాడు 1,300కు పైగా సంస్థలు, సుమారు మూడు కోట్ల మందికి వైద్యము చేయుచున్నవి. గైగర్ 2020 డిసెంబరులో, 95వ యేట కాలధర్మము నొందెను. ఇంత పనికి మూలము ఒక విద్యార్థి ఒక పల్లెలో గడపిన ఐదు మాసములు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2005లో మైకేల్ మార్మట్ అను వైద్యుని అధ్యక్షతను ఒక కమిషను నియమించిరి. ఆ కమిషను 2008లో ఇచ్చిన నివేదికలో దీనికి శాస్త్రీయమైన పేరు కలదు: ఆరోగ్యమును నిర్ణయించు సాంఘిక కారణములు. మనిషి పుట్టిన యిల్లు, చదివిన చదువు, చేయు పని, త్రాగు నీరు, చేతనున్న డబ్బు, సంఘములో అతని మాటకు గల విలువ, ఇవి వైద్యశాల కంటె ముందుగనే అతని ఆయుర్దాయమును నిర్ణయించుచున్నవని దాని సారాంశము. విద్యార్థి మన అప్పు సంగతి అడుగుట ఇందులకే.

ఇది అన్యదేశముల వార్త మాత్రమే కాదు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసి వంగిపోవు జబ్బును మన దేశమున మొట్టమొదట గుర్తించినది మన తెలుగునాటనే. 1930 తరువాత తొలి యేండ్లలో మన రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగిసి నడువలేకపోవుట గమనించిరి. మనుష్యులలో ఆ జబ్బును గూర్చి షార్ట్ మున్నగు వైద్యులు వ్రాసిన వ్యాసము 1937లో వెలువడెను. వైద్యులకంటె ముందు రైతుకు, రైతుకంటె ముందు ఎద్దుకు తెలిసినదన్నమాట. కావున విద్యార్థి వచ్చినప్పుడు మనుష్యుల సంగతియే గాక గొడ్డు గోద సంగతియు, కుంట సంగతియు, నూతి సంగతియు చెప్పుడు. అడుగకున్నను చెప్పుడు.

ఇప్పుడు మా స్వంత తప్పిదమొకటి వ్రాయవలసి యున్నది. వ్రాయక మానుదమా యని రెండు మూడు దినములు తటపటాయించితిమి. పల్నాటి వైపు పత్తి, మిరప పండించు నొక గ్రామమునకు, రెండేండ్ల క్రిందట వైద్య విద్యార్థులు బస్సులో వచ్చిరి. ఊరి పెద్దలు మమ్మును తోడురమ్మనిరి. మేమందఱము కలిసి వారిని సిమెంటు రోడ్డు మీదుగా, డాబాలున్న వీథిలో త్రిప్పి, మజ్జిగ యిప్పించి, మంచి యిండ్లు చూపితిమి. ఊరి పరువు కాపాడితిమనుకొంటిమి. ఆ విద్యార్థులలో ఒక అమ్మాయి మాత్రము తన జాబితాలోని మూడవ యిల్లు ఊరి చివర నున్నదని, తానే వెదకికొని పోయెను. మేమును వెంట వెళ్ళక తప్పలేదు.

అది యొక కౌలు రైతు ఇల్లు. నాలుగెకరములు కౌలుకు చేయును, నాలుగెకరములును పత్తియే. అతని భార్యకు రక్తపరీక్ష చేయగా హీమోగ్లోబిను 8 ఉండెను. పన్నెండైనను ఉండవలెనని ఆ అమ్మాయి చెప్పెను. ఆశా కార్యకర్త యిచ్చిన ఇనుప మాత్రలు గూటిలో అట్లే యుండెను.

"ఎందుకక్కా వేసుకోవట్లేదు?" అని అమ్మాయి అడిగినది.

"పొద్దున్నే టీతో వేసుకుంటే కడుపులో తిప్పుద్దమ్మా. పత్తి ఏరబోవాల గదా."

ఖాళీ కడుపున వేసికొన్న వికారము పుట్టుననియు, టీతో వేసికొన్న ఇనుము ఒంటికి పట్టదనియు, భోజనమైన తరువాత నిమ్మకాయ నీళ్ళతో వేసికొనుమనియు అమ్మాయి చెప్పెను. ఇది మన పాఠకులందఱును ఇంట చెప్పదగిన మాట. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మంది స్త్రీలకును, తెలంగాణమున నూటికి 57.6 మంది స్త్రీలకును రక్తహీనత యున్నట్లు తేలినది. అనగా మనలో సగము కంటె ఎక్కువ యిండ్ల సంగతి ఇదియే.

ఆ అమ్మాయి అంతటితో లేవలేదు. ఇంట పప్పు ఎన్ని దినములకొకసారి వండుదురని అడిగెను. కొనవలెను గనుక వారమునకొక్కటి రెండుసార్లు అని సమాధానము వచ్చెను. "మఱి మీరు పండించరా?" అన్నది. పత్తి చేలో ఇన్ని సాళ్ళకొక సాలు కంది వేసికొమ్మని మేము ఇరువది యేండ్లుగా ఉపన్యసించుచున్నాము. ఆ సలహా చీడపీడలకును, నేల సారమునకును అని మాత్రమే చెప్పితిమి. ఈ యింటి దాకా ఆ సలహా రాలేదు. ఏలయన మా సభలు సొసైటీ గోదాము ముందర జరుగును. కౌలుదార్లు అక్కడికి రారు.

అటు పిమ్మట అమ్మాయి, నీరెక్కడినుండి తెచ్చుదురని అడిగి, ఆ బోరింగు దగ్గఱకు పోయి చూచెను. గట్టు మీద తెల్లని మరకలు చూచి, "ఇక్కడ ఏం కడుగుతారు?" అన్నది. ఒక కుఱ్ఱవాడు వెంటనే, "తైవాన్ పంపులు కడుగుతాం మేడం, మందు కూడా ఇక్కడే కలుపుకుంటాం" అన్నాడు. అంతటితో ఊరకున్న బాగుండును; "ఈ సారే చూపించారు, నీళ్ళు దగ్గరని" అని మమ్ము చూపించెను. అది నిజము. పిచికారీ చేయు పద్ధతిని మేము ఆ గట్టు మీదనే ప్రదర్శించి యుంటిమి. మందు మోతాదు మిల్లీలీటర్లతో సహా సరిగా చెప్పితిమి; ముఖమునకు గుడ్డ కట్టుకొమ్మంటిమి; గాలి వాలు చూచుకొమ్మంటిమి. కడిగిన నీళ్ళు ఆ పగిలిన గట్టు సందున దిగి, ఆడువారు బిందెలు పట్టు బోరింగు మొదటికే చేరునన్న మాట మాకు తట్టలేదు. అమ్మాయి మమ్మొక్క మాటయు అనలేదు. కాగితము మీద వ్రాసికొనెను. ఇరువది యేండ్ల అనుభవము గల మేము ఆ కాగితము వంక చూడలేకపోతిమి.

మఱుసటి మాసమున ఈ సంగతిని సంఘ పాలకవర్గ సమావేశమున పెట్టితిమి. ఊరి నుండి దూరముగా, చేల దారిలో, మందు కలుపుటకును పంపులు కడుగుటకును తొట్టి యొకటి కట్టించుట తీర్మానమయ్యెను, కట్టించిరి కూడ. బోరింగు గట్టును పంచాయతీవారు బాగుచేయించిరి. ఖాళీ మందు డబ్బాలను కడిగి ఇంట నీళ్ళకు, నూనెకు వాడుట మాత్రము ఇంకను పూర్తిగా మానలేదు. కౌలుదార్ల వాడలోనే సాయంకాలము సభ చేసి కంది విత్తనము పంచితిమి. ఆ సభకు వచ్చినవారిలో ఆడువారే ఎక్కువ. రెండవ యేట ఆ యింటివారి పత్తిలో కంది సాళ్ళు కనబడినవి. ఆమె రక్తము పదికి పెరిగినదని పిమ్మట వచ్చినప్పుడు అమ్మాయి చెప్పినది. మాత్రల వలననా, పప్పు వలననా అని మేమడిగితిమి. "రెండూ అయివుంటాయి సార్, ఒక్క యింటిని చూసి చెప్పలేం" అన్నది. ఆ జవాబు మాకు నచ్చినది. ఒక్క మడి చూచి పంట దిగుబడి ప్రకటించు మావంటివారు నేర్చుకొనవలసిన జవాబు.

కావున మన సభ్యులకు మా విన్నపము. ఈ పిల్లలు వచ్చినప్పుడు మజ్జిగ యిచ్చుట మంచిదే. మంచి యిండ్లు మాత్రమే చూపి పంపుట మంచిది కాదు. అప్పు అడిగిన నిజము చెప్పుడు. ఇంటివారి అనుమతి లేనిదే వ్రాయరాదనియు, వ్రాసినది బయటపెట్టరాదనియు వారికి నియమమున్నది. మీరును "ఇది ఎందులకు, ఎవరు చూతురు?" అని అడుగవచ్చును, అడుగవలెను. మందు కొట్టి వచ్చిన దినమున తల తిరిగిన సంగతి, చిన్నకోడలు అందఱి తరువాత తిను సంగతి, చెప్పుటకు సిగ్గుపడకుడు. వారికి తెలియనిది మీకు తెలియును. వారు మూడు నాలుగేండ్లు మరల మరల వచ్చుదురు గనుక, మొదటిసారి చెప్పలేనిది రెండవసారి చెప్పుడు. అట్లే విద్యార్థులను పంపు కళాశాలలవారికిని ఒక మాట: పత్తి ఏరుడు రోజులలో పట్టపగలు బస్సు పంపిన ఇండ్లకు తాళములే కనబడును. పంటల కాలము మమ్మడిగి రండు.

ఒక్క సంగతి మిగిలినది. మా సమావేశమునకు ముందు ఆ అమ్మాయి మమ్మొకటి అడిగి యుండెను. "సార్, వాళ్ళు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారట. మీ సొసైటీ ఇవ్వదా?" నూటికి నెలకు మూడు రూపాయలు. ఆ వడ్డీ కట్టుటకే పప్పు మానుకొని, అప్పిచ్చినవాడు కోరినందుననే నాలుగెకరములును పత్తి పెట్టుచున్నారు. అతనికి మన సంఘమున సభ్యత్వము లేదు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము ప్రకారము కౌలుదారునకు కార్డు కావలెనన్న భూమి యజమాని సంతకము కావలెను; యజమాని పెట్టనన్నాడు. ఆ యజమాని మన సంఘ సభ్యుడే, మన వాటాదారుడే. సంతకము పెట్టిన భూమి పోవునని అతని భయము. ఆ కార్డు భూమిపై హక్కునీయదు, పదునొకండు నెలల సాగుకు మాత్రమే చెల్లునని మేము రెండుసార్లు పోయి చెప్పితిమి. చూతమన్నాడు.

కౌలుదార్లను ఉమ్మడి పూచీ గుంపులుగా చేర్చి అప్పిచ్చుటను గూర్చి మేము వ్రాసియిచ్చిన ప్రతిపాదనను పాలకవర్గమువారు చదివి, కోరము చాలనందున, వచ్చు మహాజనసభకు వాయిదా వేసిరి. ఆ సభ తేదీ ఈ సంచిక చివరి పుట మీద ప్రకటింపబడినది.